స్టాక్ ఫోటోల్లో కొత్త ధోరణిని గుర్తించి, దానికి తగ్గట్టు షూట్ చేయడం ఎలా?

ముందుగా ఒక చిన్న పని చేయండి. ఏదైనా స్టాక్ ఫోటోల సైట్, అంటే ముందే తీసిపెట్టిన ఫోటోలను ఎవరైనా కొని వాడుకునేలా అమ్మే సైట్, తెరిచి ‘టీమ్ మీటింగ్’ అని వెతకండి. అద్దాల గది, తెల్లటి టేబుల్, దాని చుట్టూ ఐదుగురు. ఐదుగురూ నవ్వుతుంటారు. ఒకరు ల్యాప్‌టాప్ తెర వైపు వేలు చూపిస్తుంటారు. పేజీలు తిప్పేకొద్దీ మనుషులు మారతారు గానీ ఆ నవ్వు, ఆ వేలు మారవు.

ఇలాంటి ఫోటోలు చాలా ఏళ్లు బాగా అమ్ముడయ్యాయి. తీసినవాళ్లను తప్పు పట్టడానికి లేదు, కొనేవాళ్లు అవే అడిగారు. ఇప్పుడు పరిస్థితి వేరు. ఇలాంటి బొమ్మ కావాల్సిన డిజైనర్ ఏఐ టూల్‌లో ఒక వాక్యం రాస్తే చాలు, నిమిషంలో నాలుగు వచ్చేస్తాయి. మరి ఫోటోగ్రాఫర్ దగ్గర ఎందుకు కొనాలి? దీనికి మన దగ్గర గట్టి జవాబే ఉంది: నిజంగా ఉన్న మనిషి, నిజంగా జరిగిన పని, వాడుకోవడానికి ఆ మనిషి సంతకం పెట్టి ఇచ్చిన అనుమతి. ఈ మూడూ ఉన్న ఫోటోని ఏ టూలూ తయారుచేయలేదు. కమర్షియల్ ఫోటోల్లో ఇప్పుడు కనిపిస్తున్న మార్పులు చాలావరకు ఈ జవాబు చుట్టూనే తిరుగుతున్నాయి. కింద చెప్పే పద్ధతి కూడా దాని మీదే ఆధారపడింది.

1. రూపంలో మార్పు ఏది, విషయంలో మార్పు ఏది అని విడదీయండి

ట్రెండ్ అనగానే చాలామందికి రంగులు, ఫిల్టర్లు, లైటింగ్ గుర్తొస్తాయి. అవి రూపానికి సంబంధించినవి. ఫలానా రంగు, ఫలానా ఫ్లాష్, ఫిల్మ్ గ్రెయిన్ (పాత ఫిల్మ్ ఫోటోల్లో కనిపించే సన్నటి చుక్కలు) వంటివి వస్తాయి, కొన్నాళ్లుండి పోతాయి. రంగులకు ప్రమాణాలు ఇచ్చే ప్యాంటోన్ సంస్థ 2000 నుంచి ఏటా ఒక ‘కలర్ ఆఫ్ ది ఇయర్’ ప్రకటిస్తోంది. 2023లో వివా మెజెంటా, 2024లో పీచ్ ఫజ్, 2025లో మోకా మూస్. ఆ రంగు చుట్టూ వెంటనే వేల ఫోటోలు పుట్టుకొస్తాయి. ఏడాది తిరిగేసరికి వాటి వైపు చూసేవాళ్లు తగ్గిపోతారు.

రెండోది విషయంలో మార్పు. ఫోటోలో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, ఎవరి చేతిలో పని ఉంది అనేది. ఇది నెమ్మదిగా వస్తుంది, వచ్చాక అంత త్వరగా పోదు. 2014లో స్టాక్ ఫోటోల సంస్థ గెట్టీ ఇమేజెస్, మహిళల కోసం పనిచేసే లీన్ ఇన్ సంస్థతో కలిసి ఒక కలెక్షన్ తెచ్చింది. పని ప్రదేశాల్లో, ఇంట్లో, నాయకత్వ స్థానాల్లో మహిళలను మామూలు మనుషులుగా చూపించే ఫోటోలవి. అప్పటిదాకా ‘వర్కింగ్ మదర్’ అంటే సూట్ వేసుకుని, ఒక చేత్తో పాపను, ఇంకో చేత్తో బ్రీఫ్‌కేసును పట్టుకున్న ఆవిడే. ఇప్పుడు అలాంటి ఫోటోని నవ్వుకోవడానికి తప్ప ఎవరూ వాడరు. 2011లో సలాడ్ గిన్నె చూసి ఒంటరిగా పగలబడి నవ్వే స్త్రీల స్టాక్ ఫోటోలన్నీ ఇంటర్నెట్‌లో ఒకచోట పేర్చినప్పుడు జరిగింది కూడా అదే. చూసేవాళ్లకు ఒక్కసారి అబద్ధం కనిపిస్తే ఇక ఆ ఫోటో పని అయిపోయినట్టే.

మీ శ్రమలో పెద్ద వంతు విషయం మీద పెట్టండి. రూపాన్ని పైపూతగా వాడుకోండి. ఈ వరుస తారుమారైతే ఎప్పుడూ పరిగెడుతూనే ఉంటారు, ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటారు.

2. కొనేవాళ్లు ఎక్కడ వాడుతున్నారో అక్కడ చూడండి

ఫోటోగ్రాఫర్ల ఫోటోలను అమ్మిపెట్టే పెద్ద ఏజెన్సీలు ఏటా ట్రెండ్ రిపోర్టులు ఇస్తాయి. అడోబీ స్టాక్, షటర్‌స్టాక్, గెట్టీ అన్నీ ఇస్తాయి. గెట్టీ 2020 నుంచి ‘విజువల్ జీపీఎస్’ పేరుతో వినియోగదారుల అభిప్రాయాలను కూడా సేకరించి చెబుతోంది. ఇవి తప్పకుండా చదవండి. కానీ మీరు చదివిన రోజే మిగతా ఫోటోగ్రాఫర్లందరూ చదువుతారు. కాబట్టి మీ సొంత కళ్లతో చూసిన ఆధారం కూడా ఉండాలి.

వారానికి అరగంట కేటాయించండి. బ్యాంకుల యాప్‌లు, ఆసుపత్రుల వెబ్‌సైట్లు, బీమా ప్రకటనలు, సాఫ్ట్‌వేర్ కంపెనీల హోమ్‌పేజీలు, పత్రికల ముఖచిత్రాలు చూడండి. బాగుందనిపించినదాన్నీ, కొత్తగా అనిపించినదాన్నీ స్క్రీన్‌షాట్ తీసి ఒక ఫోల్డర్‌లో వేయండి. యాభై పోగయ్యాక కూర్చుని ఒక్కోదాని పక్కన ఈ ఐదు విషయాలు రాయండి: మనుషులు ఎవరు, చోటు ఏది, వెలుతురు ఎటు నుంచి, అక్షరాలు ఎక్కడ పెట్టారు, ఫోటో నిలువా అడ్డమా.

రాస్తుంటే మీకే కొన్ని కనిపిస్తాయి. కెమెరా వైపు చూసే మొహాలు తగ్గడం. ఇల్లు సర్దినట్టు కాకుండా వాడుతున్నట్టు ఉండటం, అంటే కుర్చీ మీద చొక్కా, టేబుల్ మీద ఛార్జర్ వైరు. పెద్దవయసు వాళ్లు మంచం మీద కాకుండా పనిలో కనిపించడం. వీల్‌చైర్‌లో ఉన్న మనిషి కథకు కేంద్రం కాకుండా, మీటింగ్‌లో ఉన్న నలుగురిలో ఒకరు కావడం. ఈ చివరి మార్పంటే నాకు చాలా ఇష్టం. ఒక మనిషిని జాలి కోసమో స్ఫూర్తి కోసమో వాడుకోకుండా, ఉన్న మనిషిగా చూపించడం మన వృత్తి నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది.

3. ఖాళీని వెతికి, దానికి ఒక వాక్యం రాయండి

ఇప్పుడు మళ్లీ స్టాక్ సైట్‌కి వెళ్లండి. మీ ఫోల్డర్‌లో మాటిమాటికీ కనిపించిన విషయాన్ని అక్కడ వెతికి, కొత్తవి ముందు వచ్చేలా పేర్చండి. మొదటి రెండు వందల ఫోటోల్లో అవే పాత దృశ్యాలు ఉన్నాయా? ఉంటే అక్కడ చోటుంది.

మానసిక ఆరోగ్యాన్నే తీసుకోండి. ఏళ్ల తరబడి ఈ విషయానికి ఒకటే బొమ్మ: రెండు చేతులతో తల పట్టుకుని చీకట్లో కూర్చున్న మనిషి. బ్రిటన్‌లో ‘టైమ్ టు చేంజ్’ అనే ప్రచారోద్యమం ఈ ఒక్క బొమ్మను మానేయమని మీడియాను ప్రత్యేకంగా కోరింది. మరి దాని బదులు ఏం తీయాలి? పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకుంటున్న ఇద్దరు. ఫోన్ చేతిలో పట్టుకుని ‘కాల్ చేయాలా వద్దా’ అన్నట్టు ఆగిన మనిషి. టెన్షన్‌తో తెల్లవారుజామునే మేలుకుని కిటికీ దగ్గర నిలబడ్డ యువకుడు. ఇవి రోజువారీ జీవితంలో నిజంగా కనిపించేవి. ఆరోగ్య పత్రికలో వ్యాసం పక్కన పెట్టడానికి ఎడిటర్‌కు కావాల్సినవీ ఇవే.

వాతావరణ మార్పు కూడా అంతే. ‘క్లైమేట్ విజువల్స్’ అనే ప్రాజెక్టు 2016 నుంచి ఈ విషయంలో ఎలాంటి ఫోటోలు జనం మనసును తాకుతాయో పరిశీలిస్తోంది. వాళ్లు ముందుగా చెప్పే సూత్రం: పోజు పెట్టించిన దృశ్యాలు వద్దు, నిజమైన మనుషులను చూపించండి. మంచు ముక్క మీద ధ్రువపు ఎలుగుబంటిని జనం చూసీ చూసీ అలసిపోయారు. సోలార్ ప్యానెల్ బిగిస్తున్న మనిషి చేతులు, వరద నీరు దిగాక ఇల్లు కడుక్కుంటున్న కుటుంబం, ఎండలో పనిచేసేవాళ్లు నీడ కోసం చేసుకున్న ఏర్పాటు, ఇలాంటివి ఇంకా తక్కువే.

విషయం దొరికాక, ఈ ఫోటో ఏ వాక్యం పక్కన అచ్చవుతుందో ఆ వాక్యం రాయండి. ఉదాహరణకు: ‘అరవై దాటాక కొత్త యాప్ నేర్చుకోవడం కష్టమే, కానీ పక్కన ఓపికగా చెప్పేవాళ్లుంటే వస్తుంది.’ ఈ వాక్యం మీ చేతిలో ఉంటే ఎవరిని పిలవాలి, ఎక్కడ తీయాలి, ఏ క్షణం కోసం కాచుకోవాలి అన్నీ తేలిపోతాయి. వాక్యం రాయలేకపోతే షూట్ పెట్టుకోకండి.

4. మనుషులు, సంతకాలు

ఈ మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టమంటాను.

పని తెలిసినవాళ్లను పిలవండి. వడ్రంగిగా నటించే మోడల్ ఉలి పట్టుకునే తీరు చూడగానే వడ్రంగికి తెలిసిపోతుంది, మిగతావాళ్లకు కూడా ఏదో తేడాగా అనిపిస్తుంది. తల్లీకూతుళ్ల ఫోటో కావాలంటే నిజంగా తల్లీకూతుళ్లనే పిలవండి. భుజం మీద చేయి వేసే తీరు నేర్పితే వచ్చేది కాదు.

వచ్చినవాళ్లకు పోజులు చెప్పకండి, పని చెప్పండి. ‘నవ్వండి’ అనే మాటే వాడకండి. పైన రాసుకున్న వాక్యం కోసమైతే, అరవై దాటిన ఒకావిడకు నిజంగానే ఆమెకు తెలియని ఒక యాప్ ఇచ్చి, మనవడిని నేర్పించమనండి. మొదటి పదిహేను నిమిషాలు కెమెరా పక్కన పెట్టి వాళ్లను చూడండి. ఆమె కళ్లద్దాలు ఎప్పుడు సర్దుకుంటోంది, విసుగొచ్చినప్పుడు ఏం చేస్తోంది, అర్థమైనప్పుడు ఎవరి వైపు చూస్తోంది గమనించండి. అప్పుడు కెమెరా తీయండి. పని జరుగుతున్న క్షణం కంటే అది పూర్తయిన మరుక్షణం బాగా వస్తుంది. ఊపిరి వదిలే ఆ అర సెకను కోసం వేలు షట్టర్ మీదే ఉంచండి.

పెద్దవయసు వాళ్ల ముడతలు, చర్మం మీద మచ్చలు, కాన్పు తర్వాతి పొట్ట, ఇవేవీ చెరపకండి. 2017 అక్టోబర్ 1న ఫ్రాన్స్‌లో ఒక నిబంధన అమల్లోకి వచ్చింది: ప్రకటనల్లో మోడల్ శరీరాన్ని సన్నగానో లావుగానో మారిస్తే ఆ సంగతి ఫోటో మీద రాయాలి. అదే రోజు నుంచి గెట్టీ, ఐస్టాక్ కూడా మోడల్ శరీర ఆకారాన్ని మార్చిన క్రియేటివ్ ఫోటోలను తీసుకోవడం మానేశాయి. నార్వేలో 2022లో ఇలాంటి చట్టమే అమల్లోకి వచ్చింది. చట్టం సంగతి అటుంచినా, ఆ గీతల వల్లే అది నిజమైన మనిషి అని చూసేవాళ్లు నమ్ముతారు.

ఇక మోడల్ రిలీజ్, అంటే ఫోటో వాడుకోవడానికి అందులోని మనిషి రాసిచ్చే అనుమతి పత్రం. ఫోటోలో గుర్తుపట్టగల ప్రతి మనిషి నుంచీ సంతకం కావాలి. పిల్లలైతే తల్లిదండ్రులో సంరక్షకులో పెట్టాలి. ఇల్లు, ప్రత్యేకమైన భవనం, గోడ మీద ఎవరో గీసిన బొమ్మ ఉంటే వాటి హక్కుదారు ఇచ్చే అలాంటి అనుమతి, ప్రాపర్టీ రిలీజ్, అవసరం రావచ్చు. సంతకాలు షూట్ మొదలుకాక ముందే తీసుకోండి. ఒకసారి నేను రెండు రోజుల షూట్ చేసి, చివర్లో తీసుకుందాం అనుకున్నాను. ఆరుగురిలో ఒకరు అర్జెంటుగా వెళ్లిపోయారు, తర్వాత మనసు మార్చుకున్నారు. అది ఆ మనిషి హక్కు. కానీ దాదాపు ప్రతి ఫ్రేమ్‌లోనూ వాళ్లున్నారు. రెండు రోజుల పనిలో చేతుల క్లోజప్‌లు తప్ప ఏమీ మిగల్లేదు.

కాగితం ముందు పెట్టి సంతకం చేయమనడం ఒక్కటే సరిపోదు. ఈ ఫోటో ఎవరైనా కొనొచ్చని, ఏ ప్రకటనలో వస్తుందో మీకే తెలియదని, వ్యాధి, అప్పు, వ్యసనం వంటి విషయాల పక్కన కూడా రావచ్చని చెప్పండి. కొన్ని ఏజెన్సీలు తమ దగ్గరున్న ఫోటోలను ఏఐ శిక్షణకు వాడతాయి. బొమ్మలు తయారుచేసే ఏఐ టూల్‌గా అడోబీ 2023లో తెచ్చిన ఫైర్‌ఫ్లైని అడోబీ స్టాక్ ఫోటోలతోనూ నేర్పించారు. షటర్‌స్టాక్ ఇలాంటి వాడకానికి ఫోటోలు ఇచ్చినవాళ్లకు డబ్బు చెల్లించేలా కాంట్రిబ్యూటర్ ఫండ్ పెట్టింది. ఇది కూడా మోడల్‌కు తెలియాలి. తెలిసి వద్దనుకున్నవాళ్లను బలవంతం చేయకండి. ఈ వృత్తి నమ్మకం మీద నడుస్తుంది.

5. వెలుతురు: నేరుగా ఫ్లాష్, కదలిక, గ్రెయిన్

ఇది రూపం సంగతి. ఇప్పుడు యువతను ఉద్దేశించిన ఫ్యాషన్, సంగీతం, పార్టీ ఫోటోల్లో ఎక్కువగా కనిపిస్తున్నది డైరెక్ట్ ఫ్లాష్. 2000ల తొలి ఏళ్లలో చిన్న డిజిటల్ కెమెరాలతో స్నేహితులు తీసుకున్న ఫోటోలు ఎలా ఉండేవో అలా: మొహం మీద తెల్లటి వెలుగు, వెనక గోడ మీద గట్టి నీడ. స్టూడియోలో వెలుగును మెత్తబరిచే సాఫ్ట్‌బాక్స్ కాంతి పర్ఫెక్ట్‌గా ఉండి ‘ఇది ప్రకటన’ అని చెప్పేస్తుంది. ఈ ఫ్లాష్ ‘ఎవరో అక్కడ ఉండి తీశారు’ అనిపిస్తుంది.

మొదలుపెట్టడానికి ఈ సెట్టింగ్‌లు చూడండి. ఐఎస్ఓ 400, అపర్చర్ ఎఫ్/8, షట్టర్ 1/125 సెకను. ఫ్లాష్ కెమెరా మీదే, నేరుగా ముందుకు. మనిషి మీకు ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల దూరంలో. నీడ గట్టిగా పడాలంటే మనిషిని గోడకు దగ్గరగా నిలబెట్టండి. వెనక అంతా చీకటి కావాలంటే గోడకు దూరంగా జరపండి. నుదురు, ముక్కు మెరిస్తే టిష్యూతో అద్దండి, తర్వాత ఎడిటింగ్‌లో సరిచేయడం దీనికంటే ఎంతో కష్టం. కళ్లు ఎర్రగా వస్తుంటే గదిలో దీపాలు వేయండి, కనుపాప చిన్నదై ఆ సమస్య తగ్గుతుంది. కళ్లద్దాలు, కిటికీ అద్దాలు ఉంటే ఎదురుగా కాకుండా కాస్త పక్కకు జరిగి తీయండి.

కదలిక చూపించాలంటే షట్టర్‌ను 1/15కి తగ్గించి, ఫ్లాష్‌ను రియర్ కర్టెన్ సింక్‌లో పెట్టండి. ఎక్స్‌పోజర్ చివర్లో ఫ్లాష్ వెలుగుతుంది కాబట్టి మనిషి స్పష్టంగా ఉండి, కదలిక గీతలు వెనక పడతాయి. మామూలుగా ఉన్న ఫ్రంట్ కర్టెన్‌లో ఇది తలకిందులవుతుంది, మనిషి వెనక్కి నడుస్తున్నట్టు అనిపిస్తుంది. పదింటిలో ఒకటి బాగొస్తే సంతోషించండి.

లెన్స్ కూడా మార్చి చూడండి. 85 మి.మీ. లెన్స్‌తో వెనకంతా కరిగిపోయిన పోర్ట్రెయిట్ పాత స్టాక్ ఫోటోకి గుర్తు. ఫోన్ల ప్రధాన కెమెరా కోణం సుమారు 24 నుంచి 28 మి.మీ. మధ్య ఉంటుంది. జనం కళ్లు ఆ కోణానికి అలవాటు పడ్డాయి. 28 లేదా 35తో దగ్గరికెళ్లి తీస్తే గది, వస్తువులు, మనిషి అన్నీ కలిసి కథ చెబుతాయి.

ఒక జాగ్రత్త. ప్రతి దృశ్యాన్నీ మామూలు వెలుతురులో, స్పష్టమైన ఫోకస్‌తో కూడా తీసిపెట్టుకోండి. ఏజెన్సీల రివ్యూలో నాయిస్ (ఫోటోలో అనవసరంగా కనిపించే చుక్కలు), బ్లర్ తిరస్కరణకు పాత కారణాలు. మీరు కావాలని చేసినది కూడా పొరపాటుగా కనిపించవచ్చు. గ్రెయిన్ కావాలంటే తక్కువ ఐఎస్ఓలో తీసి, ఎడిటింగ్ చివర్లో కొద్దిగా, ఫ్రేమ్ అంతా ఒకే తీరుగా వేయండి. గ్రెయిన్ లేని ఫైల్ విడిగా ఉంచండి. ఈ ఫ్యాషన్ పోయాక కూడా ఆ ఫైల్ అమ్ముడవుతుంది. ఇంకో మాట: ఆసుపత్రి, బీమా, పెద్దవాళ్ల సంరక్షణ వంటి విషయాలకు డైరెక్ట్ ఫ్లాష్ వద్దు. అక్కడ కిటికీ వెలుతురుకు మించినది లేదు.

6. ఫ్రేమ్: అక్షరాలకు చోటు వదలండి

మీ ఫోటో ఒంటరిగా గోడకు వేలాడదు. దాని మీద హెడ్‌లైన్, బటన్, లోగో వస్తాయి. వాటి కోసం వదిలే చోటే కాపీ స్పేస్. అదంటే ఖాళీ గోడ అని అనుకోవద్దు. ఆకాశం, ఫోకస్‌లో లేని పరదా, నీడ పడిన టేబుల్, ఏదైనా సరే, అక్షరం చదవగలిగేంత ప్రశాంతంగా ఉంటే చాలు.

నిలువు ఫోటోలను ఇప్పుడు ప్రధానమైనవిగానే చూడండి. ఫోన్‌లో నిండుగా కనిపించే 9:16 వీడియో, స్టోరీలు వచ్చాక డిజైనర్లకు అడ్డం ఫోటోని కోసి నిలువు చేయడం పెద్ద తలనొప్పి. ఇన్‌స్టాగ్రామ్ కూడా 2025 జనవరిలో ప్రొఫైల్ గ్రిడ్‌ను చతురస్రం నుంచి నిలువుకు మార్చింది. ప్రతి దృశ్యాన్ని కనీసం ఇలా తీయండి: ఒక వైపు ఖాళీ వదిలి అడ్డంగా, పైన ఖాళీ వదిలి నిలువుగా, చేతులు మాత్రమే కనిపించే క్లోజప్, మొహం కనిపించని ఒక ఫ్రేమ్. ఈ చివరిది సున్నితమైన విషయాలకు బాగా అమ్ముడవుతుంది. ట్రైపాడ్ ఉంటే అదే దృశ్యానికి ఒక చిన్న వీడియో కూడా తీసేయండి. అడోబీ స్టాక్ 5 నుంచి 60 సెకన్ల క్లిప్‌లు తీసుకుంటుంది.

షట్టర్ నొక్కే ముందు ఫ్రేమ్ అంచుల వెంట ఒకసారి కళ్లు తిప్పండి. చొక్కా మీద లోగో, ఫోన్ వెనక గుర్తు, షెల్ఫ్‌లో పుస్తకాల అట్టలు, గోడ మీద పోస్టర్, చేతి మీద టాటూ. ఇవన్నీ వేరేవాళ్ల హక్కుల కిందికి రావచ్చు. ఐఫిల్ టవర్‌ను పగలు తీసి అమ్ముకోవచ్చు గానీ, రాత్రి దీపాల అలంకరణకు కాపీరైట్ ఉంది. కాబట్టి రాత్రి ఫోటోకు అనుమతి లేకుండా కమర్షియల్ వాడకం కుదరదు.

7. ఎడిటింగ్, ఏఐ లేబుల్

వంద శాతం జూమ్‌లో ఫోకస్, ధూళి మచ్చలు చూసుకోండి. చర్మం రంగు నిజంగా ఉన్నట్టే ఉంచండి, ముఖ్యంగా నల్లటి చర్మాన్ని తెల్లబరచకండి. ఎస్‌ఆర్‌జీబీలో (తెరలు మామూలుగా వాడే రంగుల పద్ధతి) జేపెగ్‌గా సేవ్ చేయండి. అడోబీ స్టాక్, షటర్‌స్టాక్ రెండింటికీ కనీసం 4 మెగాపిక్సెల్ ఉండాలి. అంతకంటే తగ్గేలా క్రాప్ చేసి చెడగొట్టుకోకండి.

ఏఐ విషయంలో ఒక్కో ఏజెన్సీది ఒక్కో దారి. గెట్టీ 2022 సెప్టెంబర్‌లో ఏఐతో తయారైన బొమ్మలను తీసుకోవడం ఆపేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో అడోబీ స్టాక్ లేబుల్ పెట్టాలన్న షరతుతో తీసుకోవడం మొదలుపెట్టింది. మీ ఫోటోలో జెనరేటివ్ టూల్‌తో గోడ పొడిగించినా, వస్తువు కలిపినా, అప్‌లోడ్ చేసే చోటి నిబంధన చదివి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చెప్పకుండా పంపితే అకౌంట్ పోయే ప్రమాదం ఉంది. అంతకన్నా ముఖ్యంగా, మన చేతిలో ఉన్న ఒకే ఒక్క బలాన్ని మనమే పోగొట్టుకున్నట్టు అవుతుంది.

రా ఫైళ్లు, అంటే కెమెరా నుంచి నేరుగా వచ్చిన అసలు ఫైళ్లు, అన్నీ దాచండి. ఫోటో ఎక్కడ, ఏ కెమెరాతో తీశారో, తర్వాత ఏమేం మార్చారో ఫైల్‌లోనే నమోదయ్యే ‘కంటెంట్ క్రెడెన్షియల్స్’ పద్ధతి నెమ్మదిగా కెమెరాల్లోకి వస్తోంది. 2023లో వచ్చిన లైకా ఎం11-పీ దీన్ని లోపలే అమర్చుకున్న మొదటి కెమెరా. మీ కెమెరాలో, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ సౌకర్యం ఉందేమో చూడండి. ఉంటే ఆన్ చేసి ఉంచండి.

8. కీవర్డ్‌లు

ఎంత మంచి ఫోటో అయినా వెతికినప్పుడు కనబడకపోతే లేనట్టే. టైటిల్‌ను మామూలు వాక్యంలా రాయండి: ఎవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ. షటర్‌స్టాక్‌లో 7 నుంచి 50 కీవర్డ్‌లు ఇవ్వాలి. అడోబీ స్టాక్‌లో వరుస కూడా ముఖ్యం, మొదటి పది కీవర్డ్‌లకే ఎక్కువ విలువ. కాబట్టి ముందు కంటికి కనిపించేవి, ఆ తర్వాత భావాలు. యాప్ నేర్చుకుంటున్న పెద్దావిడ ఫోటోకైతే ఈ వరుసలో రాస్తాను: సీనియర్ ఉమన్, గ్రాండ్‌సన్, స్మార్ట్‌ఫోన్, లెర్నింగ్, హోమ్, టుగెదర్‌నెస్. తర్వాత పేషెన్స్, డిజిటల్ లిటరసీ, రియల్ పీపుల్, కాపీ స్పేస్. ఎంతమంది ఉన్నారు, వయసు, బంధుత్వం మరవకండి, డిజైనర్లు వాటితో వడగడతారు. మోడల్ జాతి, వైకల్యం, లైంగికత గురించిన మాటలు వాళ్లను అడిగి, వాళ్లు సరేనన్నవే పెట్టండి. ఊహించి రాయకండి. ట్రెండ్‌లో ఉన్న మాట కదా అని ఫోటోలో లేనిదాన్ని కలపకండి. అలా వెతికి వచ్చినవాళ్లు కొనకుండా వెళ్లిపోతారు, ఏజెన్సీ కూడా దాన్ని కీవర్డ్ స్పామ్‌గా చూస్తుంది.

9. పంపండి, తర్వాత వెంటపడి చూడండి

పండుగలు, సీజన్లకు సంబంధించినవి రెండు మూడు నెలల ముందే పంపాలి. ప్రకటనల పని అంత ముందే మొదలవుతుంది. ఒక షూట్ నుంచి ఒకేలాంటి రెండు వందలు పంపకండి, నిజంగా వేర్వేరుగా ఉన్న ఇరవై ముప్పై ఏరండి. ఏరడం తీయడం కంటే కష్టం. ఒక రాత్రి గడిచాక కొత్త కళ్లతో కూర్చోండి.

తిరస్కరణ వస్తే కారణం చదివి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. మూడు షూట్‌లలో అదే కారణం వస్తే అది మీ అలవాటన్నమాట. సరిచేసుకోవచ్చు.

ఆరు నెలలయ్యాక డౌన్‌లోడ్ అయిన మీ ఫోటోలను ఒక్కొక్కటిగా రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో (ఫోటో ఇస్తే అది ఎక్కడెక్కడ వాడారో వెతికిచ్చే సౌకర్యం) పెట్టండి. కొన్ని దొరుకుతాయి. డిజైనర్ ఎక్కడ కోశారు, ఏ ఖాళీలో ఏ మాట పెట్టారు, మీరు రాసుకున్న వాక్యానికి అక్కడ అచ్చయిన వాక్యం ఎంత దగ్గరగా ఉంది అన్నది చూడండి. ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, రెండో అడుగులో మొదలుపెట్టిన ఫోల్డర్‌లో యాభై ఒకటోదిగా వేయండి.